కారు కిందికి మాత్రం దూరొద్దు

చి. సౌజన్యకు,

మామయ్య ఆశీస్సులు.

ఇకమీదట కారు షోరూముకు పంపకుండా సర్వీసు నువ్వే చేసుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి కారు నడుపుతున్నవాళ్ళకే బానెట్ తీయడం రాదు. నువ్వు మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నావంటే గర్వంగా ఉంది. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. ఆన్‌లైన్లో జాకీ తెప్పించావట, ఆదివారం మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆయిల్ మారుస్తావట. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ పెట్టె విప్పకు తల్లీ.

ముందు వారంటీ సంగతి చూసుకో. 2024 జులై నుంచి మారుతి మామూలు వారంటీ 3 ఏళ్ళు లేదా 1,00,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నీ వ్యాగనార్ ఆ తర్వాత కొన్నదే. 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర మూడు ఉచిత సర్వీసులూ అయిపోయాయి. ఉచితమన్నది లేబరే, ఆయిలుకీ ఫిల్టర్‌కీ అప్పుడూ డబ్బు కట్టావు. ఇప్పుడు 20,000 దగ్గర లేబర్, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడతాయి కాబట్టి నీకు ఈ ఆలోచన వచ్చింది. అర్థమైంది. బయట పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు కుదరదని, ఆ పని వల్ల చెడిన మేరకే నిరాకరించొచ్చని, కంపెనీల గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డరులో చెప్పింది. నువ్వు ఆ ఆర్డరు కూడా చదివే ఉంటావు. కానీ గేర్‌బాక్సు మొరాయించిన రోజు కౌంటర్ ముందు నిలబడి ఆర్డరు మీద వాదించడం కన్నా, సర్వీస్ రికార్డులో ఖాళీ లేకుండా ఉండడం నయం. అందుకని మూడేళ్ళూ నిండేదాకా పీరియాడిక్ సర్వీసు షోరూములోనే, గడువు దాటకుండా చేయించు. ఆ నడుమ బానెట్ ఎత్తి పైనుంచి చేయగలిగినవన్నీ నీవి. కారు కిందికి దూరాల్సినవీ, బ్రేకులూ ఎప్పటికీ కారును ఎత్తే లిఫ్టు ఉన్నవాళ్ళవి.

ఇప్పుడు జాకీ. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరడం కార్లు పుట్టినప్పటినుంచీ ఉన్న తప్పు. చదువుకున్నవాళ్ళూ చేస్తారు, చేయి తిరిగిన మెకానిక్కులూ చేస్తారు. నిన్న ఏం కాలేదు కాబట్టి ఇవాళా ఏం కాదనుకుంటారు.

జాకీ కారును ఎత్తడానికే, మోస్తూ నిలబడడానికి కాదు. కారుతో ఇచ్చే జాకీ పాదం అరచేయంత ఉంటుంది. బాడీ అంచు కింద రెండు గాట్ల మధ్య దాని తల కూర్చుంటుంది. ఒక మూల పైకి లేస్తుంటే కారు కొద్దిగా పక్కకు ఒరుగుతుంది, జాకీ మాత్రం పెట్టినచోటే ఉంటుంది. గట్టి నేల మీద, చదునుగా ఉన్నచోట ఆ తేడాని తట్టుకుంటుంది. మీ సెల్లార్ చదును కాదు. నీళ్ళు పోవడానికి డ్రెయిన్ వైపు వాలు పెట్టే కడతారు, కంటికి కనిపించదు. నున్నటి సిమెంటు, దాని మీద ఎవరి బండి నుంచో కారిన ఆయిలు మరక. చక్రం రెండంగుళాలు దొర్లితే చాలు, జాకీ పక్కకు పడిపోతుంది. చేయి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు.

ఎక్కువగా ప్రమాదం జరిగేది బోల్టు బిగిసిపోయినప్పుడు. పాత ఆయిలు దించడానికి విప్పే ఆయిల్ పాన్ డ్రెయిన్ బోల్టును అంతకుముందు ఎవరో అతిగా బిగించి ఉంటారు. వెల్లకిలా పడుకుని స్పానర్ పట్టి ఒంట్లో బలమంతా పెట్టి లాగుతావు. ఆ లాగుడు బోల్టు ఒక్కదాని మీదే పడదు, కారు మొత్తాన్ని అడ్డంగా ఊపుతుంది. నిలువు బరువుకు ఆగిన జాకీ అడ్డం ఊపుకు ఆగదు. ఆ క్షణంలో నీ తల, ఛాతీ ఇంజిన్ కింద ఉంటాయి. ఇంజినూ గేర్‌బాక్సూ ఉండేది ముందువైపే, బరువులో సగానికి పైగా అక్కడే. నీ కారుకు నేల నుంచి ఉన్న ఖాళీ జానెడు కూడా లేదు.

హైడ్రాలిక్ జాకీ అయితే నయమనుకోకు. లోపలి సీలు అరిగితే ఆయిలు వెనక్కి జారి కారు దిగిపోతుంది, ఒక్కోసారి చప్పుడు లేకుండా. ఇటుకలు పెడతానంటావేమో. బోలు సిమెంటు ఇటుక ఒక అంచు మీద బరువు పడితే ముందుగా బీటలివ్వకుండానే పిండైపోతుంది. సరైనవి జాక్ స్టాండ్లు, అంటే ఎత్తిన కారును మోసే ఇనుప కాళ్ళు, జతగా. వాటిని కూడా గట్టి చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు వేసి, కారును చేత్తో గట్టిగా ఊపి చూశాకే మనిషి దూరాలి, అదీ పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు. ఆదివారం మధ్యాహ్నం సెల్లార్లో నువ్వు ఒక్కదానివే ఉంటావు. అరిచినా వినేవాళ్ళుండరు. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, ఈ ఒక్కటీ వద్దమ్మా.

అంబాసిడర్, పద్మినీ రోజుల్లో ఇంటి దగ్గర పని తప్పేది కాదు. కాంటాక్ట్ పాయింట్లు రాపిడి కాగితంతో రుద్దాలి, కార్బురేటర్ విప్పి ఊదాలి, కింద గ్రీజు నిపుల్స్‌కు గన్నుతో గ్రీజు కొట్టాలి. అందుకే షెడ్లలో నేలలో గొయ్యి తవ్వి ఉండేది. కారు నేల మీదే ఉంటుంది, మనిషి గోతిలో నిలబడతాడు. ఆ గోతులు పోయాయి, జాకీలు మిగిలాయి. ఇప్పటి కారుకు ఆ పనులూ లేవు, ఏడాదికో పదివేల కిలోమీటర్లకో ఒకసారి కిందికి చూస్తే చాలు.

వారంటీ అయ్యాక నువ్వు చేయాల్సిందిది. షోరూముకూ సెల్లార్‌కూ మధ్య మూడో దారి ఉంది. రెండు స్తంభాల లిఫ్టు ఉన్న గ్యారేజీ ఒకటి చూసుకో. ఆయిలు, ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు కంపెనీ విడిభాగాల కొట్లో నువ్వే కొని పట్టుకెళ్ళి పక్కన నిలబడు. కొత్త మారుతి పెట్రోలు ఇంజిన్లకు ఎక్కువగా 0డబ్ల్యూ-16 పోస్తారు, నీ మాన్యువల్‌లో గ్రేడు చూసుకో. ‘మన ఎండలకు చిక్కటిది మంచిదమ్మా’ అని 20డబ్ల్యూ-50 చూపిస్తే ఒప్పుకోకు. పల్చటి ఆయిలుకని చేసిన సన్నటి దారుల్లో అది పొద్దున స్టార్ట్ చేయగానే పైదాకా ఎక్కదు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందా, ఇంజిన్‌కు అతుక్కుపోయిందా చూడు. పాత రింగు మీద కొత్తది బిగిస్తే స్టార్ట్ చేయగానే ఆయిలంతా కిందికి చిమ్ముతుంది. బోల్టు మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. ఆయిలు డబ్బా అంతా ఒంపేయనివ్వకు. ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూస్తే ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువైతే ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ ఆయిల్లో కొట్టుకుని నురగ పడుతుంది, నురగతో బేరింగులకు ప్రెషర్ అందదు.

ఇంట్లో నీ చేతి పనులకు కొదవ లేదు. ఎయిర్ ఫిల్టర్ క్లిప్పులు తీసి లోపలివైపు నుంచి బయటికి గాలి కొట్టు, కాగితాన్ని కడగకు. ఏసీ ఫిల్టర్ గ్లోవ్ బాక్సు వెనక ఉంటుంది, బాణం గుర్తు ఎటుందో తీసే ముందే ఫోటో తీసుకో. వైపర్లు చెప్పక్కర్లేదు. టైర్ల గాలి పొద్దున్నే బండి కదలకముందు, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న అంకె ప్రకారం. బ్యాటరీకి ముందు నెగెటివ్ విప్పాలి, చివర్లో నెగెటివే బిగించాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. ఉంగరాలు, గాజులు తీసెయ్. బ్యాటరీ టెర్మినళ్ళకు తెల్లగా బూజు పడితే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, ఆరాక వాసెలిన్ రాయి.

కూలెంట్ మూత వేడి మీద తీయకు. లోపల ప్రెషర్‌తో మరిగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. తగ్గితే కలిపి అమ్మే కూలెంటే పొయ్యి. మీ బోరు నీళ్ళకు గీజర్‌లో తెల్లటి పొలుసు కడుతుందే, అదే రేడియేటర్‌లోనూ కడుతుంది. బ్రేక్ ఆయిలు గీత దిగితే మాత్రం నింపి ఊరుకోకు. ప్యాడ్లు అరిగినా దిగుతుంది, ఎక్కడన్నా కారుతున్నా దిగుతుంది. ఆ రోజే చూపించు.

షోరూములో ఎస్టిమేట్ ఇస్తారు కదా, దాన్ని మాన్యువల్‌లోని పీరియాడిక్ షెడ్యూల్ పక్కన పెట్టుకుని చదువు. ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, సైలెన్సర్ కోటింగ్ లాంటివి ఆ షెడ్యూల్లో లేకపోతే అక్కర్లేదని జాబ్ కార్డు మీద రాయించు. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమని ముందే చెప్పు. అడిగేవాళ్ళని తెలిస్తే పని కూడా జాగ్రత్తగా చేస్తారు.

నువ్వు జాకీ వాడాల్సిన సందర్భం పంక్చర్ ఒక్కటే, దానికి కారుతో వచ్చింది చాలు. హ్యాండ్ బ్రేక్, మొదటి గేరు, ఎదుటి మూల చక్రానికి రాయి. నట్లు చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చెయ్యి. స్పేర్ చక్రాన్ని బాడీ కిందికి తోసి ఉంచు, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లయ్యాక మళ్ళీ చూడు. విజయవాడ హైవే మీదయితే ట్రాఫిక్ పక్కన కూర్చుని చక్రం విప్పకు. బారికేడ్ అవతల నిలబడి 1033కి ఫోన్ చెయ్యి.

ఆన్‌లైన్ జాకీ వాపసు పంపెయ్. ఆ డబ్బుతో మంచి టైర్ గేజి, 10 ఎంఎం స్పానరు, మల్టీమీటరు కొనుక్కో. ఇంజిన్ ఆపి రాత్రంతా ఉంచాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక 14 దగ్గర చూపించాలి. బోల్టు ఎంత గట్టిగా బిగిస్తున్నావో చెప్పే టార్క్ రెంచ్ మాత్రం కొనకు, నా దగ్గరున్నది మీ అమ్మతో పంపిస్తాను. షోరూములో సంతకం పెట్టే ముందు ఎస్టిమేట్ ఫోటో తీసి నాకు పంపు, ఎంత పొద్దున్నయినా చూస్తాను.

మీ మామయ్య