అలర్టులను ఆపే పని యంత్రానికి అప్పగించే ముందు: చిన్నాకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ సంస్థ ఐటీ ఆపరేషన్స్‌లోకి ఏఐని తెచ్చే ప్రణాళిక మొత్తం నీ చేతిలో పెట్టారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. నా పక్కన కూర్చుని “సర్వర్ పడిపోవడమంటే ఏమిటి పెద్దమ్మా, ఎక్కడి నుంచి పడుతుంది?” అని అడిగిన పిల్లవాడికి ఇవాళ అంత పెద్ద బాధ్యత ఇచ్చారంటే నాకు గర్వంగా ఉండదా? ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. ఏడాదిలోగా రాత్రి షిఫ్టు అవసరం లేకుండా చేస్తానని పైవాళ్లకు మాట ఇచ్చావట. ఎందుకిచ్చావు నాన్నా ఆ మాట? మీ అలర్టుల్లో, అంటే యంత్రాలు పంపే హెచ్చరికల్లో, ఏది నిజమో ఏది వట్టిదో ఎవరూ కూర్చుని చూడకముందే, ఏ పరికరం కొనాలో తేలకముందే, గడువు ఎలా పెట్టుకున్నావు? కోప్పడుతున్నాననుకోకు. భయపడి రాస్తున్నాను.

నీకు తెలిసినవన్నీ మళ్లీ చెప్పి విసిగించను. ఒక చిన్న సేవతో మొదలుపెట్టు, అన్నింటినీ ఒకేసారి కలపకు. సమస్యను గుర్తించడానికి, సరిదిద్దడానికి ఇప్పుడు ఎంత సేపు పడుతోందో ముందే లెక్క తీసి పెట్టుకో. లేకపోతే రేపు మేలు జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. లాగుల్లో, అంటే యంత్రాలు తమ పనిని రాసుకునే చిట్టాల్లో, పాస్‌వర్డులు, ఖాతాదారుల వివరాలు దొర్లుతూ ఉంటాయి, అవి బయటి ఏఐ మోడల్‌కు చేరకముందే చెరిపేయాలి. చదివిన టోకెన్ల (పదాల ముక్కల) లెక్కన డబ్బు తీసుకునే సేవ అయితే ఒకటి గుర్తుంచుకో: పెద్ద అంతరాయం వచ్చిన రోజే లాగులు వెల్లువెత్తుతాయి, బిల్లు కూడా ఆ రోజే పెరుగుతుంది. వీటికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. పాత టికెట్ల (ఒక్కో సమస్యకు రాసి పెట్టే నమోదుల) నుంచి నేర్చుకుని అనవసరమైన అలర్టులను ఆపేసే పరికరం మీ జాబితాలో మొదట ఉందని విన్నాను. అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు, ఎందుకంటే ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక సంస్థలో కూడా అలాగే మొదలుపెట్టారు.

అప్పట్లో మా తెరల మీద అలర్టులు కుప్పలుతెప్పలుగా వచ్చేవి. వాటిని గుంపులుగా కట్టి, పనికిరానివి వదిలేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చారు. ఏది పనికిరానిదో దానికెలా తెలుస్తుంది? మేము మూసిన పాత టికెట్లను చదివి నేర్చుకుంటుంది. ఆ టికెట్లు ఎలా మూశారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. రాత్రి షిఫ్టు వాళ్ల పనితీరును ఎన్ని టికెట్లు ఎంత వేగంగా మూశారన్న దానితో కొలిచేవారు. టికెట్ మూసే ఫారంలో కారణం ఎంచుకునే గడి ఒకటి ఉండేది. దాన్ని తెరిస్తే మొట్టమొదటి వరుస “చర్య అవసరం లేదు”. సరైన కారణం ఎంచుకోవాలంటే కిందికి జరుపుకుంటూ వెళ్లి, ఇంకో గడి తెరిచి, రెండు ముక్కలు రాయాలి. తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుంటే, ఎదురుగా ఇంకా బోలెడు టికెట్లు కనిపిస్తుంటే మనిషి ఏం చేస్తాడు? మొదటి వరుస నొక్కుతాడు. నిజంగా వెళ్లి డిస్కు మార్చి వచ్చినవాడు కూడా అదే నొక్కేవాడు. పని జరిగేది, రాతలో మాత్రం జరగనట్టే ఉండేది.

యంత్రం ఆ రాతనే చదివింది. డిస్కు హెచ్చరిక వస్తే చేయాల్సింది ఏమీ లేదని నేర్చుకుంది. బ్యాకప్ విఫలమైందన్న హెచ్చరికను కూడా అలాగే నేర్చుకుంది, ఎందుకంటే ఒక రాత్రి తప్పిన బ్యాకప్ మరుసటి రాత్రి దానంతటదే పూర్తయ్యేది, టికెట్ ఊరికే మూసేసేవాళ్లు. తెరలు ప్రశాంతంగా మారాయి. అలర్టుల గీత కిందికి దిగుతున్న పటాన్ని సమావేశాల్లో చూపించి అందరూ సంతోషించారు.

తర్వాత ఒక స్టోరేజిలో డిస్కు పోయింది. డిస్కులను కలిపి నడిపే రెయిడ్ 5 పద్ధతి కదా, ఒకటి పోయినా మిగతావాటితో నడుస్తుంది, వాడేవాళ్లకు తేడా తెలియదు. హెచ్చరిక వచ్చింది, యంత్రం దాన్ని మింగేసింది. మా షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రవాడొకడు వేరే పని మీద సర్వర్ గదిలోకి వెళ్లి, ఆ డిస్కు మీద కాషాయరంగు దీపం వెలుగుతుండటం చూశాడు. వచ్చి షిఫ్టు పెద్దకు చెప్పాడు. ఆయన తెర చూసి, “ఇక్కడ ఏమీ రాలేదు కదా, వచ్చినప్పుడు చూద్దాం” అన్నాడు. కుర్రవాడు మళ్లీ అడగడానికి జంకాడు. కొన్నాళ్లకు రెండో డిస్కు పోయింది. రెయిడ్ 5లో రెండు పోతే ఇక మిగిలేది లేదు. డేటాబేస్ మొత్తం పోయింది.

బ్యాకప్ ఉంది కదా అని అటు పరుగెత్తాము. బ్యాకప్ వాడే ఖాతా పాస్‌వర్డు ఎప్పుడో మారింది. కొత్తది అక్కడ పెట్టడం ఎవరో మరిచిపోయారు. ప్రతి రాత్రీ బ్యాకప్ విఫలమవుతూనే ఉంది, ప్రతి రాత్రీ హెచ్చరిక వస్తూనే ఉంది, ఒక్కటీ మా దాకా రాలేదు. చేతికి దొరికిన చివరి మంచి ప్రతి వారాల నాటిది. మధ్యలో జరిగిన లావాదేవీలను కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. నన్ను ఇప్పటికీ బాధించేది అది కూడా కాదు. విచారణలో తప్పంతా ఆ కుర్రవాడి మీదికి నెట్టారు, దీపం చూసి కూడా గట్టిగా చెప్పలేదని. చూసినవాడు అతనొక్కడే, శిక్ష కూడా అతనికే. టికెట్లు మూసే పద్ధతి పెట్టినవాళ్లను, ఆ టికెట్లతో యంత్రానికి చదువు చెప్పినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. నీ దగ్గర పనిచేసే పిల్లల్లో ఎవరికీ అలాంటి రోజు రాకూడదు చిన్నా. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఇది మా ఒక్కరికే జరిగిన విడ్డూరమనుకోకు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లనే తొలగించాడు. బ్యాకప్ కోసం వెతికితే అది ఎన్నాళ్లుగానో జరగడం లేదని తేలింది. విఫలమైనప్పుడు వెళ్లాల్సిన ఈమెయిళ్లను అవతలి సర్వరు తిరస్కరిస్తూ వచ్చింది, అందుకే ఎవరికీ తెలియలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసి ఉంచిన ప్రతి ఒకటి దొరకబట్టి గట్టెక్కారు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో ఎనిమిది సర్వర్లకు కొత్త ప్రోగ్రాం వేస్తూ ఒకదాన్ని వదిలేశారు. ఆ ఉదయం మార్కెట్ తెరవక ముందే లోపాన్ని సూచించే ఈమెయిళ్లు 97 వెళ్లాయి. అవి అలర్టులుగా రూపొందించినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఈ రెండుచోట్లా ఏఐ లేదు. హెచ్చరిక పుట్టింది, మనిషికి చేరలేదు, అంతే. నువ్వు తేబోయే పరికరం ఆ దారిలోనే కూర్చుంటుంది.

అందుకని నా మాట విని, దానికి చదువు చెప్పే ముందు పాత టికెట్లలోంచి కొన్నింటిని ఏ వరుసా లేకుండా తీయి. రాత్రి షిఫ్టు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని “ఇక్కడ నిజంగా ఏం చేశారు?” అని అడుగు. తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పు, లేకపోతే నిజం బయటికి రాదు. రాతకూ జరిగినదానికీ ఎంత దూరముందో చూశాక, ఆ రాతలతో ఏఐకి నేర్పాలో వద్దో నీకే అర్థమవుతుంది. టికెట్ల సంఖ్యతో పని కొలిచే పద్ధతి మీ దగ్గర కూడా ఉంటే ముందు దాన్ని తీసేయించు. అది ఉన్నంత కాలం కొత్త టికెట్లు కూడా పాతవాటిలాగే ఉంటాయి.

యంత్రం ఆపేసిన ప్రతి అలర్టూ ఒక చోట నిలవ ఉండాలి. వారానికోసారి ఒక మనిషి వాటిలో కొన్ని తీసి చదవాలి, ఆ మనిషి పేరు ప్రణాళికలో రాసి ఉండాలి. బ్యాకప్, డిస్కుల రక్షణ, రెప్లికేషన్ (డేటాను ఎప్పటికప్పుడు మరోచోటికి నకలు చేయడం), వెబ్‌సైటు గుర్తింపు సర్టిఫికెట్ గడువు, వీటి హెచ్చరికలను ఆపే అధికారం దానికి ఎప్పటికీ ఇవ్వకు. ఇవి అరుదుగా చెడతాయి. అరుదైనదాని గురించి పాత చరిత్రలో పెద్దగా ఏమీ ఉండదు, చరిత్ర చూసి నేర్చుకునేదానికి అది సరిగా తెలిసే దారి లేదు. పరీక్షల కోసం పెట్టుకున్న వ్యవస్థలో మీరే ఒక డిస్కు లాగేసి, ఒక బ్యాకప్ ఆపేసి, అది మిమ్మల్ని పిలుస్తుందో లేదో చూడండి. బ్యాకప్ సంగతి మాత్రం హెచ్చరికకు కూడా వదలకు. తిరిగి ఎక్కించి చూసిన ప్రతినే బ్యాకప్ అను.

చదవడంలో ఈ కొత్త మోడళ్లు నిజంగా గొప్పవి, అది ఒప్పుకుంటాను. పది చోట్ల చెల్లాచెదురుగా ఉన్న లాగులను కలిపి, ఏది ముందు చెడిందో, దాని వల్ల ఏది చెడిందో క్షణాల్లో రాసి పెట్టగల సహాయకుడు మా రోజుల్లో ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో! అలాంటి పని దానికి ధారాళంగా ఇవ్వు. అది రాసిన కారణం పక్కన ఏ లాగు వరుస చూసి అన్నదో కూడా చూపించమను. ధీమాగా రాసిందని నమ్మకు, తెలియనప్పుడు కూడా అది అదే ధీమాతో రాస్తుంది.

దానికి చేతులు ఇచ్చే దగ్గర, అంటే మార్పులు చేయనిచ్చే దగ్గర, ఆగు. మొదట చదివి చెప్పనివ్వు. తర్వాత ఏం చేయాలో సూచించనివ్వు, మనిషి చేసినదానితో పోల్చి చూడు. చేయనిచ్చే రోజు వచ్చినప్పుడు, వెనక్కి తీసుకోగల పనులే ఇవ్వు. దానికి వేరే ఖాతా ఉండాలి, ఆ ఖాతాకు అవసరమైనంత అనుమతే ఉండాలి. అడ్మిన్ ఖాతా ఇచ్చి “జాగ్రత్తగా చెయ్యి” అని సూచనల్లో రాస్తే సరిపోదు. 2025 జులైలో రెప్లిట్ అనే సంస్థ ఏఐ ఏజెంటు (తానే పనులు చేసే ప్రోగ్రాం) ఏ మార్పూ చేయవద్దని చెప్పిన సమయంలోనే ఒక వినియోగదారుడి అసలు డేటాబేస్‌ను చెరిపేసింది. అనుమతే లేకపోయి ఉంటే చెరపగలిగేది కాదు. ఇంకో సంగతి, లాగుల్లో బయటివాళ్లు రాసిన మాటలు కూడా ఉంటాయి: లాగిన్ గడిలో నింపిన పేరు, బ్రౌజరు పంపిన వివరం. అందులో ఎవరైనా ఒక ఆదేశం ఇరికిస్తే, చదివే మోడల్ దాన్ని మీ ఆదేశమనుకుని పాటించవచ్చు. చదివే ఏజెంటునూ చేసే ఏజెంటునూ విడదీయమని మీ భద్రతా బృందం అడిగితే వాళ్లతో వాదించకు.

పక్కన తనిఖీ పెట్టాం కదా అని కూడా ధీమా పడకు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. తప్పుడు ఆదేశాన్ని అడ్డుకోవాల్సిన తనిఖీ సాధనంలోనే లోపం ఉంది. పైగా నెట్‌వర్క్ పోవడంతో బాగుచేసే సాధనాలు కూడా వాళ్లకు అందలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, అయినా అప్పటికే అంతటా చేరిపోయింది. ఏజెంటు చేసే మార్పు ఏదైనా సరే కొన్ని యంత్రాలతో మొదలై, చూసుకుని, మెల్లగా ముందుకు వెళ్లాలి. ఏజెంటును ఆపే మీట అది నడిచే వ్యవస్థ మీద ఆధారపడకూడదు.

ఇక నీ బృందం సంగతి. చిన్న చిన్న టికెట్లు చూస్తూనే నేను ఈ పని నేర్చుకున్నాను, నువ్వు కూడా అంతే. అవన్నీ యంత్రమే చూసేస్తే కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? నెలకో రోజు ఏఐని పక్కన పెట్టి, పాత సంఘటనలను వాళ్ల చేత మొదటి నుంచి ఛేదింపజెయ్యి. సర్వర్ గదికి పంపు, దీపాలు చూడనివ్వు. తెర చెప్పినదానికీ తాము చూసినదానికీ పొంతన కుదరకపోతే, చూసినదాన్నే పట్టుకుని ఎవరినైనా నిద్ర లేపే హక్కు వాళ్లకుందని రాతపూర్వకంగా ఇవ్వు. లేపినది వట్టిదని తేలినా ఒక్క మాట అనకు. ఉద్యోగాలు పోతాయన్న గుసగుసలు మొదలై ఉంటాయి. ఎవరి పని ఎలా మారబోతోందో నువ్వే వెళ్లి చెప్పు, వదంతిగా వాళ్ల చెవిన పడనివ్వకు.

పైవాళ్లకు ఇచ్చిన ఆ మాట మార్చుకో నాన్నా. రాత్రి షిఫ్టు తీసేస్తాననే బదులు, అనవసరంగా మనుషులను లేపే పిలుపులు తగ్గిస్తానని, ఒక్క నిజమైన హెచ్చరికను కూడా పోనివ్వనని రాసివ్వు. ఈ వారమే ఇవ్వు, ఆలస్యమైతే ఆ గడువు ప్రకారమే బడ్జెట్ వేసేస్తారు. వాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వు. ఇచ్చే ముందు ఒకసారి ఫోను చేసి నాకు చదివి వినిపించు, సంస్థ వివరాలు పక్కన పెట్టి, అలర్టులను ఆపే భాగం ఒక్కటి చాలు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, ఎత్తుతాను.

నీ పెద్దమ్మ