నిద్రమాత్రలు, కల్లు ఒక్కసారిగా ఆపించి గదిలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తమ్ముడికి 21 ఏళ్లు. హైదరాబాద్‌లో డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చాడు. గంజాయి తాగుతాడు. సాయంత్రమైతే కల్లు దుకాణం. నిద్ర పట్టట్లేదని ఏడాదిగా మెడికల్ షాపులో అల్ప్రాజోలం తెచ్చుకుని రోజుకు నాలుగైదు వేసుకుంటున్నాడు. ఈమధ్య డానీ బాయిల్ తీసిన ‘ట్రెయిన్‌స్పాటింగ్’ చూశాను. అందులో తల్లిదండ్రులు కొడుకును గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తారు. నిజంగా అలాగే ఉంటుందా? ఆ సినిమా చూపిస్తే మావాడు భయపడి మానేస్తాడా? మేం కూడా మొన్నటి నుంచి అన్నీ ఆపించి గదిలో ఉంచి గడియ పెట్టాం. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. నాలుగు రోజులు ఓర్చుకుంటే సరిపోతుందా?

జవాబు (మానసిక వైద్య నిపుణులు, మహబూబ్‌నగర్): సినిమా సంగతి తర్వాత. ముందు గడియ తీసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. దేవరకొండలోని ప్రభుత్వాసుపత్రి అయినా సరే, నల్లగొండ జనరల్ ఆసుపత్రి అయినా సరే. ఈ జవాబు సైట్‌లో వచ్చేదాకా ఆగొద్దని పోర్టల్ వాళ్ల ద్వారా మీకు కబురు చేశాను. ఇలాగే ఇంట్లో మాన్పించాలనుకునే మిగతా కుటుంబాల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మీరు గంజాయి గురించి, సినిమా గురించి బెంగ పెట్టుకున్నారు. నన్ను భయపెట్టింది మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పిన అల్ప్రాజోలం. దానికి తోడు రోజూ కల్లు.

ఆ సినిమాలో కుర్రాడు వాడేది హెరాయిన్. అది మానితే ఒళ్లునొప్పులు, చెమటలు, వాంతులు, విరేచనాలు. పక్కనున్నవాళ్లకు ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. దానికీ వైద్యం కావాలి. కానీ వేరే జబ్బులేవీ లేని కుర్రాళ్లకు దానివల్ల ప్రాణం పోవడం అరుదు. మద్యం, అల్ప్రాజోలం సంగతి అలా కాదు. ఇవి మెదడు వేగాన్ని తగ్గిస్తాయి. నెలల తరబడి వాడితే ఆ మత్తులోనే పని చేయడానికి మెదడు అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి మత్తు తీసేస్తే అదుపు తప్పుతుంది. ముందు వణుకు, గుండెదడ, చెమట. తర్వాత ఫిట్స్. కొందరికి మతి తప్పి, ఎదురుగా లేని మనుషులు కనిపిస్తారు. మద్యం ఆపినవాళ్లకు ఫిట్స్ ఎక్కువగా మొదటి 2 రోజుల్లో వస్తాయి, మతి తప్పడం 2 నుంచి 4 రోజుల మధ్య. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు కాబట్టి ఒకట్రెండు రోజుల్లోనే ఇబ్బంది మొదలవుతుంది. ఫిట్స్ ముప్పు వారం దాటాక కూడా ఉండొచ్చు. మీరు ఓర్చుకుంటే చాలు అనుకుంటున్న ఆ నాలుగు రోజులే అన్నిటికన్నా ప్రమాదమైనవి.

కల్లు గురించి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో దుకాణంలో పోసేదంతా చెట్టు నుంచి దించిన కల్లే అని నమ్మలేం. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ఇక్కడ కొత్తేమీ కాదు. 2015లో దాని మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎంతోమంది ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకు వచ్చారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, విలువైన సమయం పోగొట్టుకుని వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. మీ తమ్ముడు వేసుకునే మాత్రలు నాలుగైదు అని మీకు తెలుసు. కల్లు సీసాలో ఏ మందు ఎంత కలిపారో మీకూ తెలియదు, అతనికీ తెలియదు. మనిషిని చూడకుండా నేను మోతాదు రాయకపోవడానికి అదే కారణం.

అలాగని భయపడి మళ్లీ మీరే మాత్రలు లెక్కపెట్టి ఇవ్వకండి. ఆసుపత్రిలో సాధారణంగా అదే కోవకు చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు ఇచ్చి, దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తారు. కల్లు, మద్యం తాగేవాళ్లకు విటమిన్ బీ1 కూడా అవసరమవుతుంది. ఇది చదివే మీలో ఎవరైనా ఇంకా నిద్రమాత్రలు వాడుతుంటే, డాక్టర్‌ను కలిసేదాకా సొంతంగా ఆపకండి, పెంచకండి.

ఒక మాట గట్టిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. తమ్ముడు ఏడాదిగా నిద్రమాత్రలు మింగుతున్నాడని మీకు తెలుసు. ఒక్కసారైనా డాక్టర్ దగ్గరికి ఎందుకు తీసుకెళ్లలేదు? అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినవాడిది తప్పే. కానీ 21 ఏళ్ల కుర్రాడికి రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టట్లేదని ఇంట్లో ఒక్కరైనా అడిగారా? డిగ్రీ ఎందుకు వదిలేశాడు? నిద్ర పోయింది ముందా, గంజాయి మొదలైంది ముందా? డిప్రెషన్ ఉందేమో చూడాలి. గంజాయి వల్ల అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వంటివి ఉన్నాయేమో చూడాలి. గంజాయి ఆపితే వచ్చే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి. వాటితో ప్రాణభయం ఉండదు.

పోలీసు కేసవుతుందని దాచే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో సెక్షన్ 64ఏ ఉంది. కొద్ది పరిమాణం కేసుల్లో, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బాధితులకు అది షరతులతో రక్షణ ఇస్తుంది. వివరాలు వకీలును అడగండి. మా దగ్గరికి వచ్చినవాళ్లకు మేం చేసేది వైద్యమే.

ఇప్పుడు సినిమా. 1996లో వచ్చిన ఆ సినిమా ఎడిన్‌బరో కుర్రాళ్ల కథ. మత్తులో సుఖం ఉంటుందన్న నిజాన్ని దర్శకుడు దాచలేదు, అందుకే తర్వాత వచ్చే నరకాన్ని కూడా నమ్ముతాం. అందులో ఆరోగ్యంగా, మత్తు జోలికి పోకుండా ఉన్న స్నేహితుడు ప్రేమ చెడిపోయాక హెరాయిన్ మొదలుపెట్టి, హెచ్‌ఐవీ సోకి చనిపోతాడు. బాధలో ఉన్న కుర్రాడు ఎలా జారిపోతాడో అంత సూటిగా చూపించారు. కానీ గదిలో ఉన్న హీరోకు పైకప్పు మీద పసిబిడ్డ పాకుతూ వస్తున్నట్టు కనిపించే దృశ్యాన్ని వైద్యపాఠంగా తీసుకోకండి. హెరాయిన్ మానేటప్పుడు సాధారణంగా స్పృహ స్పష్టంగానే ఉంటుంది. అలాంటివి ఎక్కువగా కనిపించేది మద్యం, నిద్రమాత్రలు ఆపినవాళ్లకు. మీ తమ్ముడు అలాంటిది చెబితే అది ఎమర్జెన్సీ. ఇంకొకటి: ఆ గదిలోంచి బయటికి వచ్చాక కూడా హీరో మళ్లీ సూది పట్టుకుంటాడు. తాళం వేస్తే అలవాటు పోతుందని ఆ సినిమా కూడా చెప్పలేదు.

తమ్ముడికి మాత్రం ఇప్పుడు చూపించకండి. భయపెడితే మానేస్తారన్నది నా అనుభవంలో నిలబడలేదు. పైగా మత్తు తీసుకునే దృశ్యాలు చూస్తే, అప్పుడే ఆపిన మనిషికి కోరిక తన్నుకొస్తుంది. అతను కుదుటపడి, తనే చూస్తానంటే పక్కన కూర్చుని చూడండి.

డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు అక్కడ సైకియాట్రిస్ట్ ఉన్నారా అని అడగండి. కట్టేసే, కొట్టే చోట వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు సమస్యలకు జాతీయ హెల్ప్‌లైన్ 14446.

దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో చెంచా కుక్కొద్దు, నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవి సహా, అన్నీ వెంట తీసుకెళ్లి, చివరిసారి ఏది ఎప్పుడు తీసుకున్నాడో డ్యూటీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.