ఓడ మీద ఉన్న రోజులకి డైలీ అలవెన్సు ఎంత?

ప్రశ్న: మా ఇల్లు నెల్లూరు మూలాపేటలో, ఉద్యోగం చెన్నైలో, సెంట్రల్ గవర్నమెంటు సైంటిఫిక్ డిపార్ట్‌మెంట్లో జీతం లెవెల్ 6. సముద్రంలో శాంపిల్స్ తీసే పనికి డిపార్ట్‌మెంటు ఓడ మీద టెంపరరీ డ్యూటీ వేశారు, కృష్ణపట్నంలో ఎక్కాలి, ఓడ లేటవడంతో కొన్ని రోజులు మా ఇంట్లోనే ఉన్నా. ఓడలో మెస్ డబ్బులు మా దగ్గరే తీసుకున్నారు గానీ బిల్లు ఇవ్వలా. ఇప్పుడు తిండి బిల్లుల్లేవని సముద్రంలో ఉన్న రోజులన్నీ కొట్టేశారు, ఓడ రాత్రి పదింటికి కదిలింది కాబట్టి ఆ రోజుకి 30 శాతమే అన్నారు, రూము కింద రోజుకి 750 అడిగితే అదీ కుదరదంటున్నారు. ఏం చెయ్యాలి సార్?

జవాబు: రూము సంగతి ముందు వదిలెయ్యండి. లెవెల్ 8 దాకా లాడ్జి రసీదు లేకపోయినా సొంత సర్టిఫికెట్ మీద ఇస్తారు, నిజమే, కానీ అందులో ఎన్నాళ్లున్నారు, ఎక్కడున్నారు అని రాయాల, అక్కడ మూలాపేట సొంతిల్లు అని రాస్తారా? ఓడలో బెర్తుకి కూడా రూము అద్దె రాదు.

తిండి డబ్బులు మాత్రం గట్టిగా అడగండి. 2017 జులై 13న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన టీఏ (ప్రయాణ భత్యం) ఆర్డర్లో ఈ సంగతి విడిగా ఉంది, సైంటిఫిక్ పనికో డేటా సేకరణకో గవర్నమెంటు ఓడల్లో, బోట్లలో ఉంటే తిండికిచ్చే రేటునే డైలీ అలవెన్సుగా ఇవ్వాలని, అసలు ఖర్చు ఎంతయిందనే దాంతో పని లేదని. ఆ ఆర్డర్ వచ్చిన 2017లో లెవెల్ 6 నుంచి 8 దాకా రోజుకి 800, లెవెల్ 5, ఆ కిందవాళ్లకి 500 ఉండేది, 2024 నుంచి అది పెరిగింది. నడిసముద్రంలో హోటల్ బిల్లు ఎవరిస్తారు చెప్పండి, అందుకే అట్లా రాశారు. అయితే హెచ్‌ఓడీ (శాఖాధిపతి) గానీ మీ టీఏ బిల్లు మీద సంతకం చేసే కంట్రోలింగ్ ఆఫీసర్ గానీ ఒప్పుకోవాలని కూడా అందులోనే ఉంది, చాలా ఫైళ్లు ఆగేది ఆ సంతకం లేకనే, మీ టూర్ ఆర్డరూ, ఓడ ఎక్కిన దిగిన తేదీలకి ఓడ మాస్టర్ దగ్గర తీసుకున్న కాగితమూ జతచేసి ఆ పేరా నంబరుతో సహా నోటు పెట్టించండి.

ఇక 30 శాతం అనేది పొరపాటు లెక్క. తిండి రేటులో ఆరు గంటల్లోపు 30 శాతం, ఆరు నుంచి పన్నెండు దాకా 70, ఆపైన పూర్తి, ఇదంతా హెడ్‌క్వార్టర్స్, అంటే మీ ఉద్యోగం ఉన్న ఊరు, వదిలి ఎంతసేపున్నారనే దాని మీద, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి చూస్తారు. ఓడ ఎన్నింటికి కదిలితే మీకేం, ఆ రోజంతా మీరు చెన్నైలో లేరు గదా! ఓడ కోసం ఆగిన రోజులకి తిండి రేటు అడగండి, ఆగమన్నట్టు ఆఫీసు మెయిలేదైనా ఉంటే అదీ పెట్టండి.

టూర్ ముగిసిన 60 రోజుల్లోపు క్లెయిమ్ పడాల, 2018 నుంచి ఇదే గడువు, అంతకుముందు ఏడాది ఉండేది. మొదటిసారి ఇచ్చిన బిల్లు మీద ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న కాపీ దాచుకోండి, తిరగ్గొట్టినా తేదీ నిలబడాలంటే అదే ఆధారం.

ప్రశ్న: ఒంగోల్లో రాష్ట్ర మత్స్యశాఖలో చేస్తున్నా, కొత్తపట్నం వైపు బోటు డ్యూటీలకి ఈ తిండి రేటు నాకూ వస్తుందా?

జవాబు: రాదండీ. అది కేంద్ర ఉద్యోగుల ఆర్డరు, మీకు రాష్ట్ర టీఏ రూల్సు, పీఆర్సీ జీవోల్లోని రేట్లే. మీ డీడీఓని (ఆఫీసులో జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారిని) అడిగితే మీ గ్రేడు రేటు చెప్తారు.