గోడ ఎక్కిన రోజు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం బీజింగ్‌లో దిగి, చైనా గోడ ఎక్కి, కోట చూసి, పెంచుకోబోయే బిడ్డను తెచ్చుకోవడానికి బయల్దేరుతుంది. రోజును బాగా పట్టుకున్నావు. కానీ ఆ రోజంతా నీ పాత్రలు బిడ్డ గురించే మాట్లాడతాయి. అంతగా ఎదురుచూసేవాళ్లు మాట్లాడుకునేది చెప్పు కరిచిందని, నీళ్ల సీసా బస్సులో మర్చిపోయామని, బాత్రూం ఎటువైపని. బిడ్డ ఊసు ఎంత తగ్గిస్తే ఆ రోజు అంత బరువెక్కుతుంది. నా సలహా అంతా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఏ సంవత్సరమో తేల్చుకో. చైనా దత్తత చట్టం 1992 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో, దగ్గరి రక్తబంధువుల పిల్లల్నీ సవతి పిల్లల్నీ తీసుకునేవాళ్లకు తప్ప, విదేశీయులకు ఆ తలుపు మూసేశారు. ఆ రెండు తేదీల మధ్య ఒక్క అమెరికాకే 80,000 మందికి పైగా పిల్లలు వెళ్లారు. 2005లో ఆ సంఖ్య దాదాపు 7,900. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంతమంది వెళ్లలేదు. నీ కథ అప్పటిదైతే బిడ్డ ఏడాది వయసు ఆడపిల్ల అయుంటుంది, పది పదిహేను కుటుంబాలు ఒకే బస్సులో ఉంటాయి. 2015 నాటిదైతే మూడు నాలుగేళ్ల పిల్లో పిల్లవాడో, గుండెకో గ్రహణం మొర్రికో వైద్యం కావలసినవాళ్లు. అప్పుడు బస్సుండదు, ఒక కారు, ఒక గైడు, ఒకే కుటుంబం. ఈ రెండు కాలాలనూ కలిపి వండావు నువ్వు. బస్సు నిండా జనం, చేతిలో స్మార్ట్‌ఫోను!

కుటుంబం విషయంలో ఇంకో పొరపాటుంది. నీ దంపతులు తెలుగువాళ్లు, హెచ్‌1బీ మీద ఉన్నారు. ఆ దారిన బిడ్డను అమెరికా తీసుకెళ్లాలంటే భార్యాభర్తల్లో ఒక్కరైనా అమెరికా పౌరులై ఉండాలి. 1999 నుంచి చైనా చట్టం పెంచుకునేవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలంటుంది. నువ్వు భార్యకు ఇరవై ఏడు పెట్టావు. ఆమెకు పౌరసత్వం ఇచ్చి, వయసు పదేళ్లు పెంచు. కథకు మేలే జరుగుతుంది. ముప్పై ఏడేళ్ల మనిషి గోడ మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

తర్వాత, వారంలో రోజుల సంగతి. ఊరు చూడటం సరదాకి పెట్టుకున్న ఏర్పాటు కాదు. బిడ్డను అప్పగించే పౌర వ్యవహారాల కార్యాలయాలు ఆయా రాష్ట్రాల రాజధానుల్లో ఉండేవి, చాంగ్షాలోనో నాన్‌చాంగ్‌లోనో. అవి తెరిచేది సోమవారం. అందుకని గురువారమో శుక్రవారమో బీజింగ్‌లో దిగి, శనివారం ఊరు చూసి, ఆదివారం లోపలి ఊరికి విమానం ఎక్కేవారు. ఈ లోపు ఒంటికి నిద్ర సర్దుకోవాలి. ఎండాకాలంలో చికాగోకీ బీజింగ్‌కీ 13 గంటల తేడా, చలికాలంలో 14. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి నిలబడే నిద్రపోతారు. నీ కథలో మంగళవారం గోడ ఎక్కి బుధవారం బిడ్డను కలిశారు. నీ కుటుంబాన్ని శనివారానికి మార్చు, రద్దీ కూడా వచ్చిపడుతుంది. అక్టోబరు మొదటి వారం మాత్రం పెట్టకు. జాతీయ సెలవులు, ఆఫీసులు మూత.

గోడ దగ్గరికి వద్దాం. "చైనా గోడ" అని వదిలేశావు. ఎక్కడి గోడ? బాదలింగ్ 1957 నుంచే సందర్శకులకు తెరిచారు, జనం ఎక్కువ. ముతియన్‌యు బీజింగ్‌కు దాదాపు 70 కిలోమీటర్లు, చెట్లు ఎక్కువ, జనం కాస్త తక్కువ. అక్కడ కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దింపుతుంది. ఆరో బురుజు దగ్గర్నుంచి కిందికి జారుబండి బళ్లున్నాయి, చేతిలో ఒక బ్రేకు కర్ర పెట్టుకుని లోహపు కాలువలో దిగాలి. నీ ఏడేళ్ల పిల్లవాడికి ఆ రోజంతటిలో గుర్తుండేది అదొక్కటే. చెల్లెలు కాదు. అతని చేత చెల్లెలి గురించి ముద్దుమాటలు పలికించకు.

మెట్లు ఒక్క ఎత్తున ఉండవు. ఒకటి చీలమండ దాకా, తర్వాతిది మోకాలి దాకా. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ల వణుకు. ఇదంతా నడుముకి డబ్బు సంచి కట్టుకుని చేస్తున్నారని మర్చిపోకు. 2006 ప్రాంతంలో అనాథాశ్రమానికి ఇవ్వవలసిన విరాళం 3,000 డాలర్లు, నగదు, అంచు మడతపడని కొత్త వంద నోట్లు. చిరిగినా, గీత పడినా తీసుకోరన్న భయం. ఆ ముప్పై నోట్లనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల కట్టుకుని, చెమటతో మెట్లెక్కే తండ్రిని ఊహించుకో. తర్వాతి ఏళ్లలో అది 35,000 యువాన్లు అయింది. చైనాలో పెద్ద నోటు వందే కాబట్టి 350 నోట్లు, ఇటుకంత కట్ట. నీ డైలాగుల్లో ఏదీ చేయని పనిని ఆ కట్ట చేస్తుంది. ప్రతి పావుగంటకీ అతని చెయ్యి నడుము దగ్గరికి పోతుంది. ఎందుకో చెప్పకు.

అంతరిక్షంలోంచి గోడ కనిపిస్తుందన్న వాక్యం కొట్టెయ్యి. 2003లో వెళ్లొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ తనకు కనిపించలేదనే చెప్పాడు. గోడ తల్లికీ బిడ్డకీ మధ్య అడ్డమన్న పోలిక కూడా వద్దు. ప్రతి కొత్త రచయితా మొదట తెచ్చేది అదే.

ఇక నీ కోట. చక్రవర్తుల కాలం నాటి నిషిద్ధ నగరం అది, దక్షిణం నుంచి ఉత్తరానికి 961 మీటర్లు. దక్షిణాన మధ్యాహ్న ద్వారంలో అడుగుపెట్టినవాళ్లు ఎక్కువగా బయటపడేది ఉత్తరాన ఉన్న షెన్వుమెన్ ద్వారంలో. ముందువైపు మూడు పెద్ద మండపాల ఆవరణలో చెట్టన్నది లేదు, అంతా రాయి, ఎండైనా చలైనా తప్పించుకునే చోటు లేదు. గడపలు ఎత్తుగా ఉంటాయి, దాటాలి తప్ప తొక్కకూడదు. మన ఇళ్లలోనూ గడప తొక్కనివ్వరు కాబట్టి నీ తెలుగు తల్లి తనకు తెలియకుండానే కాలెత్తి దాటుతుంది. ఈ ఒక్క కదలిక చాలు, మన ఆచారాల మీద పేరా అక్కర్లేదు. 9,999 గదులని గైడు చెబుతాడు. గైడు నోట ఉంచు, నీ మాటగా రాయకు, అసలు లెక్క 9,000 లోపే. ఇంకోటి: ఆ మూడింటిలో పెద్దదైన సర్వోన్నత సామరస్య మండపం 2006 నుంచి 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముందు దాకా మరమ్మతుల ముసుగులో ఉంది. నువ్వు 2006 ఎంచుకుంటే వాళ్లు అంత దూరం వచ్చి చూసేది పరంజా. నేనైతే ఆ అవకాశం వదలను.

పచ్చరాతి (జేడ్) కర్మాగారానికి ఒక పేరా చాలు. బస్సు అక్కడ ఆగేది గైడుకు కమిషన్ వస్తుంది కనుక. ఒకదానిలో ఒకటి తిరిగే రాతి బంతిని కుటుంబ బంతి అని అమ్ముతారు. పసిపిల్ల గాజు కూడా ఉంటుంది, చిన్నది. తల్లి గాజు కొంటుందా? కొననివ్వు, కానీ సైజు తెలియక రెండుసార్లు తిరిగి మార్చుకోవాలి. తెలియకపోవడమే అసలు సంగతి.

ఎందుకంటే వాళ్ల దగ్గరున్న బిడ్డ ఫైలులోని ఎత్తూ బరువూ నెలల నాటివి. అందుకే సూట్‌కేసులో రెండు సైజుల బట్టలు ఉంటాయి. కొందరు ముందుగా ఒక పార్సిల్‌లో, వాడి పారేసే ఫిల్ము కెమెరా పంపేవారు, ఆయాలు ఫొటోలు తీసి బిడ్డతో పాటు తిరిగిస్తారని. ఈ రాత్రికి ఆ కెమెరా ఎక్కడుందో వాళ్లకు తెలియదు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత వీళ్లకు తిరగబడింది: పేరుంది, గాజుంది, మంచముంది, పిల్ల మాత్రం వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంది.

ఆ పిల్ల వైపు కూడా ఒక్కసారి చూడు. అదే శనివారం ఆమెకు మామూలు రోజు. సోమవారం పొద్దున ఎవరో వ్యాను ఎక్కిస్తారు, కొన్నిసార్లు నాలుగైదు గంటల ప్రయాణం, ఎండలోనూ మూడు పొరల బట్టలు. దిగాక కొత్త వాసనలున్న చేతుల్లో పెడతారు. ఏడుస్తుంది. కొందరు ఏడవరు, బిగుసుకుపోతారు, అది చూసి పెద్దలు శాంతంగా ఉందనుకుంటారు. మొదటి 24 గంటలు అప్పగింత తాత్కాలికమే, మర్నాడు సంతకాలు. నీ కథ ఇక్కడిదాకా రాదు, రానక్కర్లేదు. నీకు తెలిసి ఉంటే చాలు, శనివారం రాసేటప్పుడు సంబరం మోతాదు తగ్గుతుంది.

చివరగా మాటలు. "దత్తత" అనగానే మన పాఠకుడికి వారసుడు, ఆస్తి, పిండం గుర్తొస్తాయి. కాగితాల దగ్గర ఆ మాట వాడు, ఇంట్లో "పెంచుకుంటున్నాం" అనిపించు. బిడ్డ చేతికొచ్చిన రోజును అమెరికాలో అంటారే గాచా డే అని, దాన్ని వాడకు. పట్టేశాం అన్న అర్థం దానిది, పెద్దయిన పిల్లల్లో చాలామందికి అది నచ్చదు. అనాథాశ్రమంలో పిల్లల్ని చూసుకునే ఆవిడను అక్కడ "ఆయీ" అంటారు. మన ఆయాకు చుట్టం కాదు, ధ్వని మాత్రమే కలిసింది. సంభాషణలో అలాగే ఉంచు, వివరణ ఇవ్వకు. బిడ్డ ఎక్కడ దొరికిందో, ఒంటి మీద చీటీ ఏముందో ఫైలులో ఉంటే ఉండనీ, కథలోకి తేకు. అది ఆ పిల్ల సొత్తు, పెద్దయ్యాక ఎవరికి చెప్పాలో ఆమే తేల్చుకుంటుంది.

చివరి దృశ్యంలో తల్లి కిటికీ దగ్గర నిలబడి చంద్రుణ్ణి చూస్తోంది. ఆ టైముకి ఆమె నిద్రపోతోంది, అమ్మాయీ, బూట్లు కూడా విప్పకుండా. మేలుకునేది మూడింటికి. అప్పుడు లేచి, చీకట్లో, రెండు సైజుల బట్టల్లో ఏవి పైన పెట్టాలో సర్దనివ్వు. అక్కడ ఆపేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన