ఒక్క మిల్లీమీటరుకే ఇంత తేడానా?

ప్రశ్న: 5 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుప చువ్వ, 7 అంగుళాలది, బలం పెంచుకునే సాధనగా చేతులతో వంచేస్తున్నాను. అదే పొడవులో 6 మిల్లీమీటర్లది పట్టుకుంటే కనీసం కదల్లేదు. తర్వాత ఏది తీసుకోవాలి?

జవాబు: చూడ్డానికి ఒక్క మిల్లీమీటరే కానీ, గుండ్రటి చువ్వని వంచడానికి కావాల్సిన బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, 5 ఘనం 125, 6 ఘనం 216, అంటే మీరు ఒకేసారి దాదాపు 1.7 రెట్లు బరువైన పనికి దిగారన్నమాట. కదలకపోవడంలో వింతేం లేదు. మందం జోలికి ఇప్పుడే పోకండి. ఉన్న చువ్వనే ఆరున్నర అంగుళాలకి, తర్వాత ఆరుకి కోయించండి, పొడవు తగ్గితే పట్టు దగ్గరపడి అదే ఇనుము మొండికేస్తుంది. అది లొంగాక అదే మందంలో కోల్డ్ రోల్డ్ స్టీలు (వేడి చేయకుండా రోలర్ల మధ్య నొక్కిన ఉక్కు, ఇంకాస్త గట్టిది), ఆ తర్వాతే 6. స్టెయిన్‌లెస్‌తో మాత్రం జాగ్రత్త, మొదట బాగానే వంగి, వంగేకొద్దీ గట్టిపడి సగంలో నిలబడిపోతుంది (నా ముక్కలు చాలా వరకు అక్కడే ఆగాయి). గట్టిపరిచిన టూల్ స్టీలు (పనిముట్లు చేసే ఉక్కు) వద్దు, వంగకుండా పుటుక్కున విరిగి ముక్క ఎగరొచ్చు. కళ్లద్దాలు ఎలాగూ పెట్టుకోండి. చేతులకి నొక్కుకోకుండా చువ్వకి చుట్టే గుడ్డ ప్రతిసారీ ఒకే మందంలో ఉండాలి, లేదంటే బలం పెరిగిందో గుడ్డ పెరిగిందో తేలదు. మణికట్టు నొప్పిగా ఉన్న రోజు చువ్వ ముట్టుకోవద్దు.