వేసవిలో మందార మొగ్గలు, పిట్టల దాహం

ప్రశ్న: మాది విజయవాడ. మేడమీది కుండీల్లో మందారం మొగ్గలు ఏప్రిల్ రాగానే రాలిపోతున్నాయి, పిట్టలూ రావడం తగ్గింది. ఏం చేయమంటారు?

జవాబు: ఎండకు కాగిన గచ్చు మీద కుండీ మట్టి త్వరగా ఆరిపోతుంది; ఒకసారి పూర్తిగా ఎండి, మరోసారి తడిసి ముద్దయితే మందారం మొగ్గలను నిలుపుకోలేదు. కుండీలను ఇటుకల మీదికెత్తి, మట్టిపై ఎండుటాకులు పరచి, తెల్లవారుజామునే నిండుగా నీరు పోయండి. మధ్యాహ్నం పడమటి ఎండ తగలకుండా నీడవల కట్టండి. మల్లెకు మాత్రం ఎండ కావాలి, దాన్ని నీడలోకి జరపవద్దు.

పిట్టల కోసం రెండు వేళ్ల లోతున్న మట్టి మూకుడును నీడలో ఉంచి, తేనెటీగలు వాలేందుకు అందులో ఒక గరుకు రాయి వేయండి. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ కడిగి నీరు మార్చడం తప్పనిసరి.

కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగును దయచేసి చంపకండి. అది కొద్ది రోజుల్లో ఆకుపచ్చగా మారి, ఆపై సీతాకోకచిలుకై మీ పూలమీదే వాలుతుంది. నాలుగు రెమ్మలు దానికి వదిలేయండి. పురుగుమందు చల్లితే అదీ చస్తుంది, తేనెటీగలూ చస్తాయి.