ఆ మూడో పేజీ సంగతి

నాయనా,

ఇంగ్లండులోని కాంటర్బరీ ఊరి మీద నువ్వు పంపిన కథ మూడో పేజీ దాకా బాగానే చదివాను. అక్కడ "410లో రోమన్లు వెళ్లిపోయారు. నగరం చచ్చిపోయింది. 597లో అగస్టీన్ వచ్చి లేపాడు" అన్నావు. రోమన్లు పోయినప్పటి నుంచి రోమ్ పంపిన ఆ క్రైస్తవ సన్యాసి వచ్చేదాకా, మూడు ముక్కల్లో దాదాపు రెండొందల ఏళ్లు మింగేశావు! ఒళ్లు మండింది.

ఊరు పాడుబడ్డ మాట నిజమే. రోమన్లు డ్యూరోవెర్నమ్ అని పిలిచిన ఆ ఊరి మీద నల్లమట్టి పేరుకుంది. కానీ అయిదో శతాబ్దం సగం గడిచేసరికి ఆ ప్రాకారం లోపలే ఎవరో గుంట తవ్వుకుని, రెండు కొసలా గుంజలు పాతి, పైన కప్పు వేసుకున్నారు. అవతల రోమన్ల రాతి థియేటరు ఇంకా మొండిగోడలతో నిలబడే ఉంది. పొద్దున్నే గుంటలోంచి బయటికొచ్చిన ఆవిడ ఆ గోడల్ని చూసి ఏమనుకుంది? దణ్ణం పెట్టిందా, నాలుగు రాళ్లు పీక్కుందామనుకుందా? నీ కథ అక్కడుందయ్యా.

మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో ఓ పూట తిరిగాను. రోమన్లు గీత గీసినట్టు వేసిన వీధులు చాలావరకు పోయాయి, కోట ద్వారాలు మిగిలాయి. జనం ద్వారం నుంచి ద్వారానికి, కూలిన గోడల్ని తప్పించుకుంటూ నడిచారు. ఆ నడకలే కొత్త వీధులయ్యాయి. అదంతా తలుచుకుంటూ తిరుగుతుంటే మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు.

ముప్పై ఏళ్ల కిందట ఇలాంటి కథే ఓ వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు రాజునీ యుద్ధాన్నీ ఉంచి, కుండ మోసే మనిషిని కొట్టేశారు. "పాఠకులకి రాజే కావాలండీ" అన్నారు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం పోలేదు. ఇప్పుడు మీరంతా ఎవరూ కొట్టేయకముందే మీకు మీరే కొట్టేసుకుంటున్నారు. ఆ రెండొందల ఏళ్లకి 'చీకటి యుగం' అని ఓ మాట దొరికింది కదా!

ఆ ఊరున్న కెంట్ సీమ రాజు భార్య, బెర్తా రాణి పేజీ బాగుంది. అగస్టీన్ రాకముందే ఆమె ప్రార్థన చేసుకున్న సెయింట్ మార్టిన్ చర్చి గోడల్లో రోమన్ ఇటుకలున్నాయి. అది రాయకుండా కిరీటం మీద అయిదు వాక్యాలెందుకు? ఊరి పేరు కాంట్వారాబుర్హ్, అంటే కెంట్ జనం కోట. రాజుది కాదు, జనానిది.

పోటీకి పంపాలా, పుస్తకం వేయాలా అని అడిగావు. ముందు ఆ గుంట తవ్వు. అలాంటి ఇళ్లలో మగ్గానికి వేలాడగట్టే మట్టి బిళ్లలు దొరుకుతుంటాయి. ఆవిడ చేతికి ఒకటివ్వు. మూడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు, కథంతా వద్దు. కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు నాకు.